మా పిల్లల ప్లేట్లో ఎంత వేస్తున్నారు? కొలత చెప్పండి!

అక్కలారా, అన్నలారా!
నాచారం, మల్లాపూర్, హబ్సిగూడ బస్తీల తల్లిదండ్రులారా!

ఈ కాగితం పారెయ్యకండి. బజ్జీల పొట్లానికి ఇచ్చెయ్యకండి. ఉన్నచోటే రెండు నిమిషాలు నిలబడి చదవండి. ఇది మన పిల్లల కడుపు సంగతి!

సాయంత్రం బడి గంట కొడుతుంది. పిల్లలు గేటు దాటుతారు. భుజాన పుస్తకాల సంచి, పిడికిట్లో పది రూపాయల నోటు. ఎటు పోతారు? ఇంటికా? మంచూరియా బండి దగ్గరికి! లేదంటే కిరాణం దుకాణం ముందు తోరణాల్లా వేలాడే పొట్లాల దగ్గరికి! ఐదు రూపాయలవి, పది రూపాయలవి. చింపుతారు, తింటారు, వేళ్లు నాకుతారు. అయిపోయిందా? కాలేదు. పొట్లం తలకిందులు చేసి, అడుగున మిగిలిన పొడిని కూడా తల ఎత్తి నోట్లో ఒంపుకుంటారు.

ఆ పొడి ఏంటి? ఎప్పుడైనా అడిగామా?

నేనూ అడగలేదు. నా ఇంటి మీదికి వచ్చేదాకా అడగలేదు.

మా చిన్నోడికి ఏడేళ్లు. బరువు 18 కిలోలు. పోయిన శ్రావణంలో ఒక శుక్రవారం బండి దగ్గర ప్లేటు మంచూరియా తిన్నాడు. రాత్రి బువ్వ ముట్టలేదు. పదకొండింటికి చప్పుడైతే లేచి చూశా. వంటింట్లో చీకట్లో బిందె పక్కన కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. ఒక గ్లాసు, రెండు గ్లాసులు, మూడో గ్లాసు. "అమ్మా, మెడ ఎనక మండుతుంది. తలకాయ దిమ్మగుంది" అన్నాడు. లైటు వేసి చూస్తే ముఖం ఎర్రగా కందిపోయింది. తెల్లారుజామున కక్కుకున్నాడు. ఆ రోజు వాడికి బడి లేదు. నాకు డ్యూటీ లేదు. డ్యూటీ లేకపోతే కూలి లేదు. క్లినిక్‌లో 300 ఫీజు, మందులు వేరే!

"ఏం తిన్నడమ్మా?" అని డాక్టరు అడిగాడు. మంచూరియా అన్నాను. "అందులో ఏమేసిన్రు?" అన్నాడు. నాకు నోరు పెగల్లేదు. కన్నతల్లిని! నా కొడుకు ఏం తిన్నాడో నాకే తెలియదు!

ఒక్క రాత్రే అయితే ఊరుకునేదాన్ని. పిల్లలన్నాక కడుపులు చెడతాయి. కానీ రెండు వారాల్లో మళ్లీ అదే వరస. అదే మెడ మంట, అదే బిందె. అప్పుడు వాడి పాత నోటుబుక్కు వెనక పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. తారీఖు, ఏం తిన్నాడు, ఎన్నింటికి తిన్నాడు, తర్వాత ఏమైంది. మూడు వారాలు బండి బంద్, పొట్లాలు బంద్. ఏడ్చాడు, అలిగాడు, పలక పగలగొట్టాడు. కానీ ఆ మూడు వారాల్లో తలనొప్పి అన్న మాట లేదు! నాలుగో వారం చుట్టాలింట్లో పుట్టినరోజు. మసాలా నూడుల్స్, చిప్స్. ఆ రాత్రి మళ్లీ బిందె దగ్గర కూర్చున్నాడు.

నీళ్ల ట్యాంకర్ దగ్గర ఈ ముచ్చట చెప్తే ఏమైందో తెలుసా? ఒకరి వెనక ఒకరు! "మా పిల్లకు గంతే వదినా, నూడుల్స్ తిన్ననాడు తలకాయ పట్టుకుంటది" అని ఒకరు. "మావోనికి రాత్రంతా నిద్ర ఉండదక్కా" అని ఇంకొకరు. ఇన్నాళ్లూ ఎవరి ఇంట్లో వాళ్లం, మన పిల్లాడిదే నాజూకు ఒళ్లు అనుకుని ఊరుకున్నాం. మన వంటనో, మన నీళ్లనో, మన దిష్టినో తిట్టుకున్నాం!

ఆ తెల్లపొడిని మనం అజినోమోటో అంటాం, టేస్టింగ్ సాల్ట్ అంటాం. అసలు పేరు మోనోసోడియం గ్లూటమేట్. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు కాచిన చారులోంచి దీని రుచిని పట్టుకున్నాడు. మరుసటి ఏడు నుంచే సీసాల్లో అమ్మకం. చారులో చిటికెడు వేస్తే రుచి లేస్తుంది. చిటికెడు! మన బండ్ల మీద చిటికెళ్లు పోయి చెంచాలు వచ్చాయి.

అబద్ధం చెప్పి మిమ్మల్ని బెదిరించడం మాకు వద్దు. ఇది విషమని మేం అనడం లేదు. ఈ గ్లూటమేట్ టమాటాలో ఉంది. తల్లిపాలలో కూడా ఉంది. కొద్దిగా తింటే చాలామందికి ఏమీ కాదని పెద్ద పెద్ద సంస్థలే అంటున్నాయి. సరే! కానీ అమెరికా ప్రభుత్వం పురమాయిస్తే అక్కడి శాస్త్రవేత్తలు 1995లో ఇచ్చిన నివేదిక ఏమంది? వేరే తిండి లేకుండా ఒక్కసారే 3 గ్రాములు, అంతకు మించి పడితే కొంతమందికి తలనొప్పి, తిమ్మిర్లు, ముఖం ఎర్రబారడం, గుండె దడ, మగత రావచ్చు అంది. కాసేపటికి తగ్గిపోతాయని కూడా అంది. కొంతమందికి! ఆ కొంతమందిలో మీ పిల్ల ఉందా? మా వాడు ఉన్నాడా? తేల్చుకోవాలంటే ఏం తిన్నారో, ఎంత తిన్నారో తెలియాలి కదా? ఆ ఎంత అన్నదే మనకు చెప్పడం లేదు! మా వాడి దాహం ఉప్పుదా, ఈ పొడిదా, మాడిన నూనెదా? కొలత లేనప్పుడు ఏ డాక్టరు మాత్రం ఏం చెప్తాడు?

అందుకే నేనే తూయించాను.

బండి అన్నను అడిగి, ఆయన కడాయిలో వేసే చెంచాతోనే ఒక చెంచా పొడి కాగితంలో కట్టించుకున్నా. మూల మీది అవుసలాయన దుకాణానికి పోయా. బంగారం తూచే కాటా మీద పెట్టించా. 4 గ్రాముల పైన ఇసుమంత! నాలుగు ప్లేట్ల సరుకుకు అన్న వేసేది రెండు చెంచాలు. అంటే ప్లేటుకు 2 గ్రాములు. సాసుల్లో ముందే కలిసి వచ్చేది వేరే!

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. ఐరోపా దేశాల ఆహార భద్రత సంస్థ 2017లో ఒక హద్దు గీసింది. ఒంటి బరువు కిలోకి రోజుకు 30 మిల్లీగ్రాములు. మా వాడు 18 కిలోలు. 18 ముప్పైలు 540. అర గ్రాము మీద చిల్లర! వాడు ఒక్క ప్లేట్లో తిన్నది 2 గ్రాములు. ఆ హద్దు గ్లూటమిక్ ఆమ్లం లెక్కన గీసింది, ఆ లెక్కకు మార్చినా మూడు రెట్లకు దగ్గర! ఆ హద్దు జన్మంతా రోజూ తినేవాళ్ల కోసం వేసిన లెక్క, ఒక్కనాడు దాటితే కొంప మునగదు. ఒప్పుకుంటాం. మరి మన పిల్లలు ఒక్కనాడే తింటున్నారా? సోమవారం నూడుల్స్, మంగళవారం చిప్స్, బుధవారం మంచూరియా! పిల్లలే ఆ హద్దు దాటిపోతున్నారని ఆ సంస్థే హెచ్చరించింది. అక్కడి పిల్లల సంగతి అది. మన పిల్లల లెక్క మన బస్తీకి వచ్చి తీసింది ఎవరు?

"టమాటాలో ఉంది కదా, దానికెందుకు భయపడరు?" అంటారు కొందరు చదువుకున్నవాళ్లు. అయ్యా, టమాటా చారు పోస్తే పిల్లాడు ఒక గరిటె తాగి చాలంటాడు. కడుపు నిండినట్టు తెలుస్తుంది. పొట్లం అయిపోతే ఇంకోటి కొనమని కాలు పట్టుకుంటాడు! తేడా కనబడటం లేదా? ఈ రుచికి నాలుక మరిగితే ఇంటి కూడు చప్పగా తోస్తుంది. పచ్చిపులుసు వద్దు, పప్పు వద్దు, అవ్వ కాల్చిన సర్వపిండి వద్దు. కంచం ముందు కూర్చుని ముఖం తిప్పేస్తారు. పొద్దంతా మిషన్ మీద నడుం వంచి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించి వండిన తల్లికి ఆ ముఖం చూస్తే ఎట్లుంటుంది?

ఇక పొట్లాల సంగతి. వెనకవైపు ఎప్పుడైనా చదివారా? చదవలేం! చదవొద్దనే అంత చిన్న అక్షరాలు. 621 అని ఉంటే అదే టేస్టింగ్ సాల్ట్. 627, 631, 635 అని ఉంటే రుచిని ఇంకా ఎగదోసే దాని తోబుట్టువులు. గ్లూటమేట్ తోడుంటే వాటి బలం ఎన్నో రెట్లు. నాలుగు నంబర్లు! ఫోన్ నంబర్ గుర్తుపెట్టుకునేవాళ్లం, ఇవి గుర్తుండవా? గోడ మీద బొగ్గుతో రాసుకోండి. ఇంకో ఎత్తు ఉంది. హైడ్రోలైజ్డ్ వెజిటబుల్ ప్రోటీన్ అని, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అని రాస్తారు. పేరు మారింది, లోపల గ్లూటమేట్ ఉండనే ఉంటుంది.

2015 యాదికుందా? దేశమంతా నూడుల్స్ గొడవ! పొట్లం మీద "ఎంఎస్‌జీ కలపలేదు" అని ఉంది. పరీక్షలో గ్లూటమేట్ కనబడింది. మేం విడిగా కలపలేదు, వేరుశనగ ప్రోటీన్ నుంచి, ఉల్లిపొడి నుంచి, గోధుమపిండి నుంచి అదే వచ్చిందని కంపెనీ అంది. సీసం మాట కూడా లేచింది. జూన్‌లో కేంద్రం సరుకు వెనక్కి తీసుకోమంది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసి మళ్లీ పరీక్షలు చేయించమంది. ఆ పరీక్షల్లో నెగ్గి నవంబరుకల్లా నూడుల్స్ దుకాణాల్లోకి వచ్చేశాయి. సీసం సంగతి ల్యాబులు తేల్చాయి. మంచిది. కానీ మన ప్రశ్న అట్లనే మిగిలిపోయింది. "కలపలేదు" అంటే "లేదు" అనే కదా ఏ తల్లైనా అనుకునేది? ఆ రెండు మాటల సందులోంచే మన పిల్లల నోట్లోకి వస్తోంది!

చట్టం ఏం చేస్తోంది? పొట్లం మీద ఇంగ్లిషైనా హిందీ అయినా ఉంటే చాలట. తెలుగు తప్పనిసరి కాదట! మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 2024లో దేశ ప్రజలకు 17 సూచనలు ఇచ్చింది. ఆఖరిది ఏంటో తెలుసా? పొట్లం మీది వివరాలు చదివి కొనుక్కోండి అని! మంచి మాటే. ఏ భాషలో చదవాలి సారూ? మా అత్తమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతుంది. మనవడికి పొట్లం కొనిచ్చేది ఆమే!

ఏడాది లోపు పసిపిల్లలకు పెట్టొద్దని ఎంఎస్‌జీ కలిపిన పొట్లం మీద హెచ్చరిక రాయాలని మన దేశపు రూలే ఉంది. అమెరికాలో పసిపిల్లల డబ్బా తిండి కంపెనీలు ఎలుకపిల్లల మీద పరీక్షల సంగతి బయటికి రాగానే 1969లోనే అందులో ఇది వెయ్యడం మానేశాయి. మన దగ్గర? చంకలో పది నెలల బిడ్డ ఏడుస్తుంటే నోరు మూయించడానికి చేతిలో చిప్స్ ముక్క పెడతాం. నేనూ పెట్టాను. తెలియక పెట్టాను! బండి మీది ప్లేటుకైతే పొట్లమే లేదు. పొట్లం లేనిచోట హెచ్చరిక ఎక్కడ రాస్తారు?

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. "తప్పంతా తల్లులదే, వండిపెట్టడం చేతకాక కొనిస్తున్నారు" అని మాట్లాడేవాళ్లు ఉన్నారు. ఎవరయ్యా వాళ్లు? ఏడింటికి షిఫ్టు దిగి, రెండు బస్సులు మారి, ఇల్లు చేరే ఆడమనిషి ఎప్పుడు వండాలి? నాలుగున్నర నుంచి ఆమె వచ్చేదాకా ఆకలైన పిల్లాడు ఏం తినాలి? పది రూపాయలకు కడుపు నిండినట్టు అనిపించేది ఇంకేం దొరుకుతోంది మన వీధిలో? తప్పు మన మీద రుద్దొద్దు!

బండి అన్న మీద రుద్దొద్దు. ఆయనా మనోడే. నేను పొడి అడిగినరోజు దాచలేదు, కసురుకోలేదు. "అక్కా, మా పిల్లలకు నేను ఇంట్ల ఇది పెట్టను. ఇక్కడ ఎయ్యకపోతే పక్క బండికి పోతరు. నేనేం చెయ్యాలె?" అన్నాడు. బేగంబజార్ నుంచి కిలోల లెక్కన వస్తుంది. ఎంత వెయ్యాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఫుడ్ ఇన్‌స్పెక్టర్ వస్తే జరిమానా రాస్తాడు గానీ కొలత చెంచా ఇస్తాడా? ఆయన బండి ఎత్తేస్తే మన బాధ తీరదు. ఇంకో మూల ఇంకో బండి వస్తుంది. ఆ కుటుంబం మాత్రం రోడ్డున పడుతుంది.

పైవాళ్లకు చేతకాదా? చేతనవును! పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను 2024 అక్టోబరు 30న మన రాష్ట్రమే ఏడాదిపాటు నిషేధించింది. గోబీ మంచూరియాలో రంగులు వెయ్యొద్దని అదే ఏడాది మార్చిలో కర్ణాటక ఆపించింది. వాటి కారణాలు వేరే. కానీ కదలాలనుకుంటే ఒక్కరోజులో కదలగలరని తేలిందా లేదా? మన పిల్లల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు ఎందుకు పడిపోతాయి?

ఇంకో రూలు ఉంది, వినండి. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి బడి క్యాంటీన్లో అమ్మకూడదు. గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదు. 2020లో రాసిన కేంద్ర నిబంధన ఇది. మా వాడి బడి గేటు నుంచి దుకాణం దాకా అడుగులు లెక్కపెట్టా. ముప్పై ఒకటి! నా అడుగులు ముప్పై ఒకటి! రూలు ఎక్కడుంది? కాగితం మీదుంది!

అడగాల్సింది మనమే. అందరం కలిసి!

పొట్లం మీద తెలుగులో రాయాలి. "ఉంది" అని రాస్తే చాలదు, ఎన్ని మిల్లీగ్రాములో రాయాలి. ఎంఎస్‌జీ లేదని గొప్పగా చెప్పుకునే పొట్లంలో ఏ పేరుతోనూ గ్లూటమేట్ కలపకూడదు. ప్రతి బండి మీద, ప్రతి టిఫిన్ సెంటర్లో "టేస్టింగ్ సాల్ట్ వేస్తాం" అనో "వెయ్యం" అనో తెలుగులో బోర్డు పెట్టాలి. బండ్లవాళ్లకు కొలత చెంచాలు సర్కారే ఇవ్వాలి, నేర్పాలి. గేటు పక్కన ఉడకబెట్టిన గుడాలు, పల్లీలు, మక్కకంకులు, ఇడ్లీ అమ్మే అన్నలకు, అక్కలకు మొదట జాగా ఇవ్వాలి. రాష్ట్ర ఆహార ప్రయోగశాల ఎక్కడో లేదు, మన నాచారంలోనే ఉంది! మన వీధి తిండి అక్కడ పరీక్ష కావాలి. ఫలితం మన బస్తీ గోడ మీద అంటించాలి.

సర్కారు కదిలేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. రేపు పొద్దున్నే ఒక నోటుబుక్కు తియ్యండి. పిల్లలు బయట తిన్నది, తర్వాత అయింది రాయండి. అనుమానం ఉంటే మూడు వారాలు ఆపి చూడండి. తగ్గితే ఆ పుస్తకం డాక్టరుకు చూపించండి. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా పుస్తకం పక్కన పడేసి వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. ఇంటివైద్యాలతో పొద్దు పుచ్చకండి! బండి దగ్గర నిలబడినప్పుడు నోరు తెరిచి అడగండి, "అన్నా, టేస్టింగ్ సాల్ట్ లేకుండ ఎయ్యి" అని. ఒక్కరు అడిగితే నవ్వుతారు. వీధి మొత్తం అడిగితే డబ్బా పక్కన పెడతారు.

ఇంకో ఆయుధం మన చేతిలోనే ఉంది. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షన్! కొన్న సరుకును ఫీజు కట్టి మనమే పరీక్ష చేయించుకోవచ్చు. పరీక్షకు పంపుతున్నామని కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. చట్టాన్ని మీరినట్టు తేలితే కట్టిన ఫీజు వెనక్కి వస్తుంది. ఒక్క ఇంటికి ఆ ఫీజు బరువే. ఇంటికి పది రూపాయలు వేసుకుంటే? పిల్లాడి ఒక్క పొట్లం డబ్బులు! నిజం బయటికి రావడానికి ఆపాటి ఇవ్వలేమా?

వచ్చే ఆదివారం పొద్దున 10 గంటలకు బస్తీ కమ్యూనిటీ హాల్ ముందు కలుద్దాం. ఈ వారం మీ పిల్లలు తిన్న ప్రతి ఖాళీ పొట్లం దాచి తీసుకురండి. ఒక్కటి కూడా చెత్తబుట్టలో వెయ్యకండి! దుప్పటి పరిచి అన్నీ దాని మీద పోస్తాం. నంబర్లు ఒక్కొక్కటి చదివి రాస్తాం. ఆ కాగితం మీద అందరం సంతకాలు పెట్టి, పొట్లాలన్నీ మూట కట్టి, సోమవారం పొద్దున ఫుడ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు నడుస్తాం. బండి అన్నలు మాతోపాటే వస్తామన్నారు. సంతకం రానివాళ్లు వేలిముద్ర వెయ్యండి. పిల్లల్ని వెంట తెండి, నంబర్లు వెతకడంలో వాళ్ల కళ్లే చురుకు. పెద్దవాళ్లు కళ్లజోడు మరవకండి, అక్షరాలు ఆవగింజల కంటే చిన్నగా ఉన్నాయి.

ఇట్లు,
మన బస్తీ అమ్మలం, నాన్నలం